ఎర్రబడిన టెస్టును చదవకుండా మళ్లీ నడపకండి

ఆపరేటింగ్ సిస్టమ్ డెవలప్‌మెంట్ బిల్డ్‌లు చూసే రిలీజ్ టీమ్‌లకు, ప్యాకేజీ మెయింటైనర్లకు, ఆ టీమ్‌లను నడిపే మేనేజర్లకు బహిరంగ లేఖ

నమస్కారం.

ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్, డెబియన్ అన్‌స్టేబుల్ లాంటి లైనక్స్ డెవలప్‌మెంట్ బిల్డ్‌ల (ఇంకా తయారీలో ఉన్న కూర్పుల) మీద ఆటోమేటెడ్ టెస్టులు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి. కొత్త కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) వచ్చినా, కొత్త సిస్టమ్‌డీ (బూట్‌ను, సర్వీసులను నడిపేది) వచ్చినా, ఒక ఫాంట్ మారినా ముందుగా దెబ్బ తగిలేది వాటికే. అవి ఎర్రబడినప్పుడు, అంటే ఫెయిలైనప్పుడు, మనం ఏం చేస్తున్నామన్నదే ఈ లేఖ. చాలాచోట్ల జరుగుతున్నది ఇది: పొద్దున్నే ఎర్ర గడి కనబడుతుంది, ఎవరో రీస్టార్ట్ నొక్కుతారు, గంట తిరిగేసరికి అది ఆకుపచ్చగా మారుతుంది, బిల్డ్ ముందుకు పోతుంది. ఎందుకు ఫెయిలైందో ఎవరూ రాయరు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా థర్మామీటరు విదిలించి మళ్లీ నోట్లో పెట్టినట్టుంటుంది.

మేము అడుగుతున్నది ఒక్కటే. మొదటి ఫెయిల్యూర్‌ను చదవండి. కారణం దొరికితే కారణం, దొరక్కపోతే కనీసం అనుమానం, రెండు ముక్కల్లో రాయండి. ఆ తర్వాతే రీస్టార్ట్ నొక్కండి. ఇందుకు మనుషులకు టైమివ్వాల్సిన బాధ్యత మేనేజర్లది.

ముందు లెక్క చూడండి. పదిసార్లు బూట్ చేస్తే ఒకసారి ఆగిపోయే రేస్ కండిషన్ (పనుల వరస అటూ ఇటూ అయితే బయటపడే బగ్) ఒకటి బిల్డ్‌లోకి వచ్చిందనుకుందాం. టెస్టు ఫెయిలైతే ఒకసారి దానంతట అదే మళ్లీ నడిచేలా పెట్టి ఉంటే, రెండుసార్లూ వరసగా ఫెయిలయ్యే అవకాశం నూటికి ఒకటి. అంటే నూరు బిల్డ్‌లలో తొంభైతొమ్మిది ఆకుపచ్చగానే బయటికి పోతాయి. అదే బిల్డ్‌ను ఇంట్లో వేసుకుని రోజుకొకసారి ఆన్ చేసే మనిషికి నెల రోజుల్లో కనీసం ఒకసారైనా ఆ బగ్ తగిలే అవకాశం దాదాపు 96 శాతం. మన దగ్గర నూటికి ఒకటిగా కనబడినది వాళ్ల దగ్గర నూటికి తొంభైఆరు అవుతోంది. మళ్లీ నడిపే వెసులుబాటు టెస్టును గట్టిపరచదు, బగ్ కనబడే తెరను చిన్నది చేస్తుంది.

ఫిక్స్ వేశాక కూడా ఇదే లెక్క. పదింటికి ఒకసారి ఫెయిలయ్యే టెస్టు ఫిక్స్ తర్వాత ఒక్కసారి పాసైతే దానివల్ల తెలిసేది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే ఫిక్స్ లేకపోయినా అది పదింట తొమ్మిదిసార్లు పాసయ్యేదే. 95 శాతం నమ్మకంతో బాగైందని చెప్పాలంటే వరసగా 29 సార్లు పాసవ్వాలి. ఇరవైకి ఒకసారి ఫెయిలయ్యేదైతే 59 సార్లు. ఈ రెండు అంకెలు గోడ మీద రాసిపెట్టుకోదగ్గవి.

ఇక చదవడం ఎలా అన్నది. ఫెడోరా, ఓపెన్‌సూసె రెండూ వాడే ఓపెన్‌క్యూఏ అన్న టెస్టింగ్ సాధనం మీద ఎక్కువగా చెబుతాం. అందులో టెస్టు ఒక వర్చువల్ మెషీన్‌ను లేపి, మనిషి చేసినట్టే కీబోర్డు, మౌస్ నడుపుతూ, తెర మీద కనబడేదాన్ని ముందుగా తీసి పెట్టుకున్న బొమ్మలతో పోల్చుకుంటూ పోతుంది. ఆ బొమ్మలనే నీడిల్స్ అంటారు.

మొదట ఫలితం పేరు చూడండి. ఫెయిల్డ్ వేరు, ఇన్‌కంప్లీట్ వేరు. ఫెయిల్డ్ అంటే టెస్టు నడిచి, ఏదో ఒక మాడ్యూల్ (టెస్టులో ఒక భాగం) దగ్గర అనుకున్నది జరగలేదు. ఇన్‌కంప్లీట్ అంటే జాబ్ (ఒక టెస్టు రన్) చివరిదాకా నడవనే లేదు: ఐఎస్ఓ (ఇన్‌స్టలేషన్ ఫైలు) డౌన్‌లోడ్ కాలేదు, క్యూఈఎంయూ (వర్చువల్ మెషీన్ నడిపే ప్రోగ్రామ్) పడిపోయింది, వర్కర్‌లో (టెస్టు నడిపే మెషీన్‌లో) డిస్క్ నిండింది, వర్కర్‌కు సర్వర్‌తో లింకు తెగింది. ఇన్‌కంప్లీట్‌కు స్క్రీన్‌షాట్లు తిరగేయడం దండగ. ఫలితం పక్కన రాసిన కారణం, వర్కర్ తాలూకు ఆటోఇన్‌స్ట్ లాగ్‌లో చివరి యాభై వరసలు చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. మూడోది ప్యారలల్ ఫెయిల్డ్. ఇది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఒక మెషీన్‌లో డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లు చూసే సర్వర్), మిగతా మెషీన్లలో దానికి చేరే క్లయింట్లు నడిచే టెస్టులుంటాయి. సర్వర్ పడిపోతే క్లయింట్లన్నీ ఎర్రబడతాయి. డాష్‌బోర్డు మీద ఆరు ఎర్ర గడులు, జబ్బు మాత్రం ఒక్కటే. క్లయింట్ లాగ్‌లు పక్కనపెట్టి నేరుగా సర్వర్ జాబ్‌కు వెళ్లండి.

తర్వాత, చివరి ఎర్రదాన్ని వదిలి మొదటి ఎర్రదాన్ని పట్టుకోండి. ఫెయిలైన మాడ్యూల్‌లో ఆఖరి స్క్రీన్‌షాట్ అందరూ చూస్తారు. దానికి ముందున్న రెండు మూడు స్క్రీన్‌షాట్లు చూసేవాళ్లు తక్కువ. "లాగిన్ స్క్రీన్ రాలేదు" అన్నది ఫలితం. రెండు అడుగుల వెనక పాస్‌వర్డ్ గడిలో ఒక అక్షరం ఎక్కువ పడి ఉండొచ్చు. అనుమానమొస్తే వీడియో తెరిచి ఆఖరి నిమిషం చూడండి. స్క్రీన్‌షాట్ల మధ్య ఒక్క క్షణం మెరిసి మాయమైన ఎర్రర్ పెట్టె వీడియోలోనే దొరుకుతుంది.

టైమ్ గురించి ఒక మాట. వర్కర్ లాగ్‌లో టైమ్ సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. గెస్ట్ (టెస్టు లేపిన వర్చువల్ మెషీన్) లోపలి జర్నల్ (సిస్టమ్ లాగ్) ఆ ఇన్‌స్టలేషన్‌లో ఎంచుకున్న టైమ్‌జోన్‌లో ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ల బ్రౌజర్ మన టైమ్ చూపిస్తుంది, యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. మూడు గడియారాలు మూడు మాటలు చెబుతుంటే, ఏ సంఘటన వెనక ఏది జరిగిందో తారుమారవుతుంది. ముందు అన్నిటినీ యూటీసీకి మార్చుకుని, గెస్ట్ కెర్నల్ మొదటి వరసను వర్కర్ లాగ్‌లో మెషీన్ లేచిన క్షణంతో జత చేసుకుని, అక్కడినుంచి లెక్కపెట్టండి.

నీడిల్ కుదరక ఫెయిలైన టెస్టుల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. నీడిల్ అంటే 1024 బై 768 తెర తాలూకు ఒక పీఎన్‌జీ బొమ్మ, దానిలో ఏ పెట్టెలు పోల్చాలో చెప్పే ఒక జేసన్ ఫైలు. పోలిక ఎంత శాతం కుదరాలో విడిగా చెప్పకపోతే 96 శాతం. ఫెయిలైనప్పుడు ఓపెన్‌క్యూఏ దగ్గరగా వచ్చిన నీడిల్స్‌ను శాతంతో సహా చూపిస్తుంది. మధ్యలో ఉన్న గీతను అటూ ఇటూ జరిపితే పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన కనబడతాయి. ఆ గీతను నెమ్మదిగా జరపండి. 93 శాతం వచ్చిందంటే బొమ్మ దాదాపు అదే, ఏదో చిన్నది మారింది. ఆ చిన్నది అక్షరాల అంచులా, రంగా, లేక బటన్ రెండు పిక్సెళ్లు కిందికి జరిగిందా? జవాబును బట్టి బగ్ ఎవరి ఇంటికి పోవాలో తేలుతుంది.

శాతాన్ని 96 నుంచి 80కి దించి పాస్ చేయించడం మాత్రం ఎన్నడూ చేయకండి. నొక్కడానికి వీల్లేని బూడిదరంగు బటన్‌కు, నొక్కగలిగే బటన్‌కు మధ్య తేడా చాలా తక్కువ. 80 శాతం పెడితే బూడిదరంగు బటన్ కూడా కుదురుతుంది. టెస్టు దాని మీద క్లిక్ చేస్తుంది, ఏమీ జరగదు, రెండు అడుగుల తర్వాత వేరే మాడ్యూల్‌లో ఫెయిలవుతుంది. అప్పుడు ఆ మాడ్యూల్‌ను పట్టుకుని రోజంతా వెతుకుతారు. నీడిల్ చిన్నదిగా తీయండి. గడియారం, మెరిసే కర్సర్, వెర్షన్ నంబరు, బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ పెట్టెలోకి రాకుండా చూడండి. అక్షరాలున్న మేరకే పెట్టె గీయండి.

2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48లో ఇంటర్‌ఫేస్ ఫాంట్ క్యాంటరెల్ నుంచి అద్వైత శాన్స్‌కు మారింది. ఇలాంటి మార్పు వచ్చిన రోజు అక్షరాలున్న ప్రతి నీడిల్ ఒక్కసారే విరిగిపోతుంది. కొత్త స్క్రీన్‌షాట్లన్నీ గుత్తగా తీసి నీడిల్స్‌గా దించేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. కొత్త ఫాంట్ వెడల్పుగా ఉండి ఏదైనా ఒక పెట్టెలో మాట చివర తెగిపోతే, ఆ తెగిన బొమ్మే ఇక నుంచి సరైన బొమ్మ అవుతుంది. టెస్టు ఆ లోపాన్ని కాపలా కాస్తుంది, ఎవరైనా సరిచేస్తే ఎర్రబడుతుంది. తెలుగు ఇంటర్‌ఫేస్‌కు నీడిల్ తీసేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. మన ఒత్తులు వరస కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. "స్థాపించు" అన్న బటన్‌లో పెట్టె ఎత్తు చాలక థ ఒత్తు కింది సగం తెగితే, తెలుగు చదవని ఇంజినీరుకు అది మామూలు బటన్‌లాగే కనబడుతుంది. గుత్తగా నీడిల్స్ మార్చాల్సి వస్తే మార్చండి, కానీ ఒక్కొక్క బొమ్మనూ ఆ భాష చదవగలిగిన కళ్లు చూశాకే కమిట్ చేయండి.

టైపింగ్ లోపాలు మరో రకం. "రూట్" అని టైప్ చేస్తే ఒక అక్షరం రెండుసార్లు పడటం, లేదా పడకుండా పోవడం. కీ నొక్కడం, వదలడం రెండూ వీఎన్‌సీ (దూరం నుంచి తెర, కీబోర్డు నడిపే పద్ధతి) ద్వారా విడివిడిగా గెస్ట్‌కు చేరతాయి. గెస్ట్ ఒక్క క్షణం బిగుసుకుంటే వదిలిన కబురు ఆలస్యంగా చేరుతుంది. ఆ లోగా కీ నొక్కి పట్టుకున్నారనుకుని సిస్టమ్ అక్షరాన్ని మళ్లీ వేస్తుంది. టైపింగ్ వేగం తగ్గించడం, తెర కదలకుండా నిలిచేదాకా ఆగడం పనిచేస్తాయి. కానీ గెస్ట్ ఎందుకు బిగుసుకుందో కూడా అడగాలి. 64 జీబీ ర్యామ్ ఉన్న హోస్ట్ (గెస్ట్‌లను నడిపే అసలు మెషీన్) మీద 4 జీబీ గెస్ట్‌లు ఇరవై నడిపితే 80 జీబీ కావాలి. హోస్ట్ స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్క్ వాడుకోవడంలోకి) పోతుంది, అన్ని టెస్టులూ కొద్దికొద్దిగా అస్వస్థత పడతాయి. ఒకే వర్కర్ హోస్ట్ మీద సంబంధంలేని టెస్టులు చెదురుమదురుగా ఫెయిలవుతుంటే, ముందు హోస్ట్ పేరు వారీగా ఫెయిల్యూర్లను పేర్చి చూడండి. మరోవైపు, కొత్త కెర్నలే గెస్ట్‌ను బిగిస్తుంటే, టైపింగ్ నెమ్మది చేయడం అసలు బగ్ మీద ముసుగు వేయడమే. అదే హోస్ట్ మీద పాత బిల్డ్ నడిపితే ఏది నిజమో తెలుస్తుంది.

బూట్ దగ్గర ఆగిపోయే టెస్టులకు ఒక చిన్న లెక్క ఉంది. సిస్టమ్‌డీ ఒక సర్వీసు కోసం డిస్ట్రిబ్యూషన్ మార్చకపోతే 90 సెకన్లు ఎదురుచూసి, ఆ తర్వాతే ఫెయిలైందని చెబుతుంది. మీ టెస్టు లాగిన్ స్క్రీన్ కోసం 60 సెకన్లే ఆగితే, ఎర్రర్ తెర మీదికి రాకముందే టెస్టు చచ్చిపోతుంది. స్క్రీన్‌షాట్‌లో కనబడేది తిరుగుతున్న చక్రమే. బూట్ దశలో ఆగే సమయం 90 సెకన్లకంటే బాగా ఎక్కువ, కనీసం 120 నుంచి 150 ఉంచండి. టెస్టు పాసవ్వాలని కాదు, ఫెయిలైనప్పుడు కారణం తెర మీదికి రావాలని. కెర్నల్ కమాండ్ లైన్ నుంచి క్వయట్ (సందేశాలు దాచే ఆప్షన్) తీసేయండి. సీరియల్ కన్సోల్ (తెరతో పనిలేకుండా సందేశాలు బయటికి పంపే దారి) కలపండి, ఆ లాగ్ ఫలితాలతో పాటు దాచండి, ఎందుకంటే తెర నల్లబడ్డ తర్వాత కూడా మాట్లాడేది అదొక్కటే. బూట్ తొలిదశ నడిపే డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో పడితే రన్ డైరెక్టరీ కింద ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్‌లో ఆర్‌డీఎస్‌ఓఎస్‌రిపోర్ట్ అన్న లోపాల నివేదిక ఫైలు తయారై ఉంటుంది. అది ర్యామ్‌లో ఉన్న ఫైలు. మెషీన్ ఆఫ్ చేశారా, పోయినట్టే. అందుకే పోస్ట్ ఫెయిల్ హుక్‌లో (టెస్టు ఫెయిలైన వెంటనే నడిచే కోడ్‌లో) దాన్ని సీరియల్ పోర్ట్ మీదికి కుమ్మరించేలా రాసుకోవాలి. నెట్‌వర్క్ అప్పటికి లేచి ఉండదు కనుక అప్‌లోడ్ మీద ఆధారపడకూడదు.

హుక్ తెచ్చే మిగతా వాటిలో జర్నల్ మొత్తం, కోర్ డంప్‌లు (పడిపోయిన ప్రోగ్రామ్ మెమరీ నకళ్లు), సెలైనక్స్ (అనుమతులు కాపలా కాసే భద్రతా వ్యవస్థ) తిరస్కరణలు, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల జాబితా తప్పనిసరి. సెలైనక్స్ అనుమానముంటే పర్మిసివ్‌లో (ఆపకుండా నమోదు మాత్రమే చేసే స్థితిలో) పెట్టి ఒకసారి నడపండి. పాసైతే దారి దొరికినట్టే, కానీ అది నిర్ధారణకు చేసే పరీక్ష మాత్రమే, దాన్ని ఫిక్స్‌గా వదిలేయకూడదు. కమాండ్ ఎగ్జిట్ కోడ్‌ను (ముగిసినప్పుడు ఇచ్చే నంబరును) నిర్లక్ష్యం చేయకండి. 139 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని తాకి పడిపోవడం), కోర్ డంప్ వెతకండి. 134 అయితే ప్రోగ్రామ్ తనంతట తనే అబార్ట్ అయింది, చాలాసార్లు అసర్ట్ (కోడ్‌లో పెట్టుకున్న తనిఖీ) తగిలి ఉంటుంది. 137 అంటే ఎవరో కిల్ చేశారు. కెర్నల్ లాగ్‌లో మెమరీ చాలక చంపిన వరస ఉందేమో చూడండి, ఉంటే గెస్ట్‌కు ఎంత ర్యామ్ ఇచ్చారో, పోయిన వారం అదే టెస్టుకు ఎంత సరిపోయిందో కూడా చూడండి. 124 అంటే టైమౌట్ కమాండ్ ఆపేసింది.

ఇప్పుడు అసలు ప్రశ్న: తప్పు ప్రోడక్ట్‌దా, టెస్టుదా, మెషీన్లదా? ఊహతో తేల్చకండి. దీనికి నాలుగు రన్‌లు చాలు. ఓపెన్‌సూసె వాళ్ల ఇన్వెస్టిగేట్ స్క్రిప్ట్ చేసేది ఇదే. ఏమీ మార్చకుండా ఒక రన్. కొత్త బిల్డ్‌ను చివరిసారి పాసైన నాటి టెస్ట్ కోడ్‌తో ఒక రన్. చివరిసారి పాసైన బిల్డ్‌ను నేటి టెస్ట్ కోడ్‌తో ఒక రన్. బిల్డ్, టెస్ట్ కోడ్ రెండూ పాతవి పెట్టి ఒక రన్. పాత టెస్ట్ కోడ్‌తో కొత్త బిల్డ్ పాసైతే టెస్ట్ కోడ్ మార్పే దోషి. నేటి టెస్ట్ కోడ్‌తో పాత బిల్డ్ పాసై, కొత్తది మాత్రం ఫెయిలైతే ప్రోడక్ట్ విరిగింది. రెండూ పాతవైనా ఫెయిలైతే, అప్పుడు పాసైన అదే జోడీ ఇప్పుడు ఫెయిలవుతోందంటే, చుట్టూ ఉన్నది ఏదో మారింది: వర్కర్ అప్‌డేట్, మిర్రర్ (ప్యాకేజీల నకలు సర్వర్), డీఎన్ఎస్, గడువు తీరిన సర్టిఫికెట్, లేదా క్యాలెండర్‌లో తేదీ. ఏమీ మార్చని రన్ పాసైతే అది అప్పుడప్పుడూ వచ్చే జబ్బు. అక్కడితో విచారణ ముగిసినట్టు కాదు, మిగతా మూడు ఫలితాలను కూడా ఒక్కొక్క రన్‌తో నమ్మడానికి లేదని అర్థం. పైన చెప్పిన 29 లెక్క ఇక్కడ వర్తిస్తుంది.

ప్రోడక్ట్ అని తేలాక రెండు బిల్డ్‌ల ప్యాకేజీ జాబితాలు పక్కపక్కన పెట్టండి. 64 ప్యాకేజీలు మారితే సగానికి సగం కోసుకుంటూ ఆరు మెట్లలో దోషిని పట్టొచ్చు, ఫెయిల్యూర్ ప్రతిసారీ వచ్చేదైతే. పదింటికి ఒకసారి వచ్చేదైతే ప్రతి మెట్టులో "ఇది మంచిది" అనడానికి 29 రన్‌లు కావాలి, అంటే ఆరు మెట్లకు 174 దాకా. పైగా ప్రతి మెట్టులో మిగిలే 5 శాతం సందేహం పేరుకుంటూ పోతుంది. అందుకే బైసెక్ట్ (ఈ సగానికి సగం కోత) మొదలుపెట్టే ముందే ఫెయిల్యూర్ రేటు పెంచే దారి వెతకాలి: గెస్ట్‌కు ఒక్క సీపీయూ ఇవ్వండి, డిస్క్ వేగం తగ్గించండి, పక్కన లోడ్ నడపండి. రేస్ కండిషన్లు ఇలాంటి ఒత్తిడిలో బయటపడతాయి. పదింటికి ఒకటి ఉన్నది రెండింటికి ఒకటైతే మెట్టుకు 5 రన్‌లు చాలు. ఒక పూట రేటు పెంచడంలో పోయినా వారం మిగులుతుంది.

డెబియన్, ఉబుంటు వాళ్ల ప్యాకేజీ టెస్టులు నడిపే ఆటోప్యాకేజీటెస్ట్‌కు తన పద్ధతి తనకుంది, క్లుప్తంగా చెబుతాం. ఎగ్జిట్ కోడ్ 4 అంటే టెస్టే ఫెయిలైంది. 16 అంటే టెస్ట్‌బెడ్ (టెస్టు నడిచే మెషీన్) ఫెయిలైంది, మీ ప్యాకేజీ జోలికే పోలేదు. 12 అంటే ప్యాకేజీలోని టెస్ట్ నిర్వచనాల్లో లోపం లేదా డిపెండెన్సీలు (దానికి కావాల్సిన ఇతర ప్యాకేజీలు) కుదరలేదు. అన్నిటికంటే ఎక్కువ తికమకపెట్టేది స్టాండర్డ్ ఎర్రర్ (ప్రోగ్రామ్ లోపాలు, హెచ్చరికలు రాసే దారి). టెస్టు పాసై, ఎగ్జిట్ కోడ్ సున్నా వచ్చినా, స్టాండర్డ్ ఎర్రర్ మీద ఒక్క వరస పడితే చాలు, ప్రత్యేకంగా అనుమతించకపోతే, ఫెయిల్ కింద లెక్క. పైథాన్ కొత్త వెర్షన్ ఒక డిప్రికేషన్ (ఇది ఇక వాడొద్దన్న) హెచ్చరిక చల్లితే సంబంధంలేని ప్యాకేజీలు బారులు తీరి ఎర్రబడేది ఇందుకే. వెంటనే అనుమతి పెట్టేసి ఊరుకోకండి. ఆ హెచ్చరిక ఏ లైబ్రరీ నుంచి వచ్చిందో చూసి, ఆ ప్యాకేజీ మీద బగ్ వేయండి.

చిన్న హెచ్చరికలు అంత ముఖ్యమా అనేవాళ్లకు ఎక్స్‌జెడ్ అన్న కంప్రెషన్ లైబ్రరీ సంగతి గుర్తుచేయాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్‌జెడ్ 5.6.0, మార్చిలో వచ్చిన 5.6.1లో బ్యాక్‌డోర్ (దొంగచాటు ప్రవేశ ద్వారం) ఉంది. అది ముందుగా దిగింది మన డెవలప్‌మెంట్ బిల్డ్‌లలోనే: డెబియన్ అన్‌స్టేబుల్, రాహైడ్, టంబుల్‌వీడ్. ఆ లైబ్రరీ మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ సాధనంలో మెమరీ మీద తప్పుడు రాత ఒకటి చూపిస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. 5.6.1 రిలీజ్ నోట్స్‌లో అది నిజమైన లోపం కాదని, కంపైలర్‌కు సంబంధించిన తప్పుడు ఫిర్యాదని రాశారు. ఆ మాట చెప్పింది బ్యాక్‌డోర్ పెట్టిన మనిషే, కానీ ఆ ఫిర్యాదు రాకుండా ఆపడానికి నిజాయితీగా పనిచేసినవాళ్లు కూడా ఉన్నారు. ఆ ఫిర్యాదు బ్యాక్‌డోర్ వల్లే వచ్చింది. బ్యాక్‌డోర్‌ను బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. డెబియన్ అన్‌స్టేబుల్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే) లాగిన్ 0.299 సెకన్ల నుంచి 0.807 సెకన్లకు పెరగడం ఆయన గమనించారు. కొన్ని వారాల ముందు పోస్ట్‌గ్రెస్ ఆటోమేటెడ్ టెస్టుల్లో, ప్యాకేజీలు అప్‌డేట్ అయ్యాక, కనిపించిన వింత వాల్‌గ్రైండ్ ఫిర్యాదు గుర్తొచ్చి రెండింటినీ ముడివేశారు. 2024 మార్చి 29న ప్రపంచానికి చెప్పారు. ఆ బ్యాక్‌డోర్‌కు ఇచ్చిన భద్రతా లోపం నంబరు సీవీఈ 2024-3094, తీవ్రత పదికి పది. అర సెకను ఆలస్యం ఏ టెస్టునూ ఎర్రబరచదు. వాల్‌గ్రైండ్ ఫిర్యాదు మాత్రం టెస్ట్ లాగ్‌లో కళ్లెదుట ఉంది. అది ఎవరిదో తేలకముందే "తప్పుడు హెచ్చరిక" అని మూసేస్తే ఏమయ్యేదో ఆలోచించండి.

కాబట్టి ఫ్లేకీ (ఒకసారి పాసై, ఒకసారి ఫెయిలయ్యేది) అన్న మాటను జాగ్రత్తగా వాడమని కోరుతున్నాం. ఫ్లేకీ అని రాసేటప్పుడు ఎన్ని రన్‌లలో ఎన్ని ఫెయిలయ్యాయో, ఏ హోస్ట్‌ల మీద ఫెయిలయ్యాయో, ఏ బిల్డ్ నుంచి మొదలైందో పక్కనే ఉండాలి. "40కి 3, రెండు వేర్వేరు హోస్ట్‌లు, మంగళవారం బిల్డ్ నుంచి" అంటే అది సమాచారం. ఉత్త "ఫ్లేకీ" అంటే చదివే మనిషికి ఏమీ అందలేదు. ఆ ముద్రకు ఒక ఓనర్, ఒక గడువు పెట్టండి. రెండు వారాల్లో తేలకపోతే మళ్లీ బిల్డ్‌ను ఆపే టెస్టుల్లోకి తీసుకురండి. గడువు లేని ముద్ర శాశ్వత సెలవు అవుతుంది.

కామెంట్‌లో బగ్ నంబరు రాస్తే ఓపెన్‌క్యూఏ తర్వాతి ఫెయిల్యూర్లకు దాన్ని తనంతట తానే మోసుకుపోతుంది. చాలా ఉపయోగం, దానితో పాటే ఒక గుంట కూడా ఉంది. అదే మాడ్యూల్ వేరే కారణంతో ఫెయిలైనా పాత బగ్ నంబరు కొత్త జబ్బు మీద అతుక్కుంటుంది. వారానికొకసారి, అలా మోసుకొచ్చిన నంబరున్న ఒక ఫెయిల్యూర్ తెరిచి, ఎర్రర్ వరస ఇప్పటికీ అదేనా అని పోల్చండి.

రిలీజ్ టీమ్‌లను మేము ప్రత్యేకంగా అడిగేది ఇవి. కారణం రాయకుండా చేసిన రీస్టార్ట్‌తో వచ్చిన ఆకుపచ్చను బిల్డ్ విడుదలకు లెక్కలోకి తీసుకోకండి. రీస్టార్ట్ చేసినా మొదటి రన్ తాలూకు లాగ్, వీడియో చెరిగిపోకుండా చూడండి. ఓపెన్‌క్యూఏ మామూలుగా లాగ్‌లను 30 రోజులు, ముఖ్యమని గుర్తుపెట్టినవాటిని 120 రోజులు ఉంచుతుంది. నెలకొకసారి వచ్చే ఫెయిల్యూర్‌ను పోల్చడానికి 30 రోజులు చాలవు, బిల్డ్‌ను ఆపే టెస్టుల గ్రూపులకైనా దాన్ని పెంచండి. వేవర్ (మినహాయింపు) ఇచ్చి టెస్టును దాటవేస్తే బగ్ నంబరు లేకుండా ఇవ్వకండి.

మేనేజర్లకు: రోజుకు ఒకరిని ఈ పనికే కేటాయించండి, ఆ రోజు వాళ్లకు వేరే టికెట్లు ఇవ్వకండి. ఒక ఫెయిల్యూర్‌ను పైన చెప్పిన పద్ధతిలో చదవడానికి అలవాటైన మనిషికి ఇరవై నిమిషాలు పడుతుంది, కొత్తవాళ్లకు గంట. ఎన్ని గడులు ఆకుపచ్చ చేశారన్నదాన్ని బట్టి మాత్రం పని కొలవకండి. అలా కొలిచిన చోట రీస్టార్ట్ బటనే గెలుస్తుంది.

మెయింటైనర్లకు: టెస్ట్ టీమ్ వేసిన బగ్‌లో చివరిసారి పాసైన బిల్డ్ నంబరు, మొదట ఫెయిలైన బిల్డ్ నంబరు, రెండింటి ప్యాకేజీ తేడా, ఎన్నింటికి ఎన్ని ఫెయిలయ్యాయి, మొదటి ఎర్రర్ వరస యూటీసీ టైమ్‌తో సహా ఉంటే, దాన్ని "నా మెషీన్‌లో బాగానే ఉంది" అని మూసేయకండి. మీ మెషీన్‌లో నాలుగు కోర్లు ఎక్కువుంటాయి, డిస్క్ వేగంగా ఉంటుంది. పైన చెప్పినట్టు గెస్ట్‌కు ఒక సీపీయూ, 2 జీబీ ర్యామ్ ఇచ్చి 29 సార్లు నడపండి. అప్పటికీ రాకపోతే ఆ మాటే బగ్‌లో రాయండి, మేము మా వర్కర్ హోస్ట్ వైపు చూస్తాం.

హైదరాబాద్‌లో సాయంత్రమయ్యేసరికి యూరప్‌లో మధ్యాహ్నం, అమెరికాలో పొద్దున. ఒక చోట సగం చదివిన ఫెయిల్యూర్ మరో చోట మొదటినుంచీ చదవాల్సి వస్తోంది. షిఫ్ట్ దిగేవాళ్లు ఆ జాబ్ కింద మూడు వరసలు రాసి వెళితే చాలు: ఏ మాడ్యూల్‌లో ఏ వరస దగ్గర ఆగింది, ఏ కారణాలు కాదని తేలాయి, తర్వాత నడపాల్సిన రన్ ఏది. ఈ మూడు వరసలు లేని రీస్టార్ట్‌ను రేపటి బిల్డ్ నుంచే తిప్పికొట్టమని కోరుతున్నాం.

ఇట్లు,
డెవలప్‌మెంట్ బిల్డ్‌ల టెస్ట్ ఫలితాలు చూసే ఇంజినీర్లం